మీ ఇంట్లో ముయ్ ఉందా?

లాంగ్ గ్రామం, హనోయి
5 అక్టోబరు 1994

వదినగారు చిన్ గారికి,

ఖాంగ్ వాళ్ళమ్మ లుయెన్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా పెరట్లో మొక్కలూ క్షేమం. అక్కడ మీ క్షేమం మీరు రాస్తేనే తెలియాలి.

మా అబ్బాయి, మీ అమ్మాయి లాయ్‌ కలిసి తీయించుకున్న ఫోటో అందింది. అమ్మాయి బాగుంది. నదిలో నీటిమట్టం కొలిచే ఉద్యోగమని మా వాణ్ణి మీ చావ్ దొక్ పంపిస్తే, వాడు ఊరంతా కొలిచి చివరికి మీ గుమ్మం దగ్గర ఆగాడన్నమాట. సంతోషం.

మీ పేరు గురించి వాణ్ణి అడిగాను. చిన్ అంటే తొమ్మిది కదా, ఆవిడ తొమ్మిదో సంతానమా అంటే, కాదమ్మా ఎనిమిదో ఆవిడ అన్నాడు. మీ దక్షిణాన పెద్ద బిడ్డనే రెండు అని పిలుస్తారట. మరి ఒకటి ఎక్కడికి పోయిందో వాడికీ తెలీదు. "లెక్క రెండు దగ్గర మొదలుపెట్టే వాళ్ళతో వియ్యమా లుయెన్?" అని మా పక్కింటావిడ ఆరాతీసింది. నేనే సర్దిచెప్పాను.

కొత్త సంవత్సరం నాలుగో రోజున పెళ్ళి అన్నారు, సరే. నేను పాత సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నానికి మీ ఇంటికి చేరతాను. తేత్ పండక్కి నా ఇల్లు వదిలి కదలడం ఇదే మొదలు. అందుకే ఒక్కటి అడుగుతున్నాను. ఆ సాయంత్రం నేను ముదురు ముయ్‌తో స్నానం చేయాలి. పాత ఏడాది మురికీ, చెడూ దానితోనే పోతాయి. మా అమ్మ చేసింది, మా అమ్మమ్మ చేసింది.

మీ ఇంట్లో ముయ్ ఉందా? ఉండే ఉంటుంది. ముయ్ లేని ఇల్లుంటుందా? కానీ నాకు లేతది పనికిరాదు. మీ వైపు వాళ్ళకి ముదరనిచ్చే ఓపిక లేదని, లేతగా ఉండగానే వదిలించుకుంటారని విన్నాను. ఈసారికి ముట్టుకోకుండా వదిలేయండి.

ఈ సంగతి పిల్లలకి చెప్పకండి. పెద్దవాళ్ళ స్నానాల కబుర్లు వాళ్ళ చెవిన పడటం బాగుండదు.

ఇట్లు,
లుయెన్

తా.క. మా లాంగ్ పుదీనా గురించి వినే ఉంటారు. మా మట్టిలో ఉన్నంతసేపే దానికి ఆ ఘుమఘుమ. ఊరి పొలిమేర దాటిందా, గడ్డి. అయినా తొమ్మిది కాడలు తడి కాగితంలో చుట్టి, అరటిదొప్పలో పెట్టి, రైల్లో వస్తున్న మనిషి చేత పంపుతున్నాను. ప్రయత్నించి ఓడిపోవడంలో కూడా ఒక నేర్పు ఉంటుంది.


చావ్ దొక్
19 అక్టోబరు 1994

వదినగారు లుయెన్ గారికి,

చిన్ నమస్కారాలు. ఇక్కడ అంతా బాగున్నాం, అంటే మీ ఉత్తరం వచ్చేదాకా బాగున్నాం.

ఉత్తరం నుంచి వచ్చే ఉత్తరం కదా, మర్యాదగా ఉంటుందని మా ఆయన్ని కూర్చోబెట్టి పైకి చదివాను. నా పేరు దగ్గర కూడా నవ్వుకున్నాను. మా వైపు పెద్దబిడ్డని ఒకటి అనరు. అలా అంటే దెయ్యాల కన్ను మొదట దాని మీదే పడుతుంది. మీ హనోయిలో దెయ్యాలకి లెక్కలు రావేమో.

"మీ ఇంట్లో ముయ్ ఉందా" అన్న చోట నవ్వు ఆగిపోయింది. ముయ్ అంటే మా ఊళ్ళో వాసన. మీ ఊళ్ళోనూ అదే అనుకుంటాను. దేశం ఒకటై ఇరవై ఏళ్ళు కావస్తోంది, వాసనకి కూడా వేరే మాట ఉంటుందా? పైగా "ముయ్ లేని ఇల్లుంటుందా" అని సాగదీత.

అవును వదినగారూ, మేం చేపలు ఊరబెట్టి అమ్ముకునేవాళ్ళం. చావ్ దొక్ సంతలో ఊరచేపల వరసలో మూడో కొట్టు మాదే. ఖాంగ్ చెప్పే ఉంటాడు. మా ఊళ్ళో బస్సు దిగగానే పట్నం వాళ్ళు ముక్కు మూసుకుంటారు. తర్వాత మూసిన చేత్తోనే రెండు డబ్బాలు కొనుక్కుపోతారు. వాళ్ళని నేనేమీ అనను. కానీ వియ్యపురాలు గుమ్మం తొక్కకముందే హనోయి నుంచి ముక్కు మూసుకుంటే, ఏమనమంటారు? మా అమ్మాయి పేరు లాయ్. అంటే మల్లెపువ్వు. మల్లెపువ్వుని కన్న ఇంటిని అడగవలసిన మాటేనా అది?

సరే, అమ్మాయి పెళ్ళి కోసం మాట పడ్డాను. ఆరు జాడీలూ మా ఆడపడుచు ఇంటికి తోలించాను. నిమ్మగడ్డి మరగబెట్టిన నీళ్ళతో నేల కడిగాను, గోడలు కడిగాను, మా ఆయన్ని కడిగాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇరవై ఏళ్ళు అన్నం పెట్టిన వాసనని ఇంట్లోంచి గెంటేస్తున్నావు, అదెక్కడికి పోతుందే పాపం?" అన్నాడు. మగవాళ్ళకి ఇలాంటప్పుడే కవిత్వం వస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ముయ్ లేదు. లేతది లేదు, ముదురుది లేదు. నిశ్చింతగా రండి.

ఇట్లు,
చిన్ (ఎనిమిదో సంతానం)

తా.క. మీ తొమ్మిది కాడల్లో నాలుగు ప్రాణాలతో చేరాయి. పగిలిన జాడీ అడుగుభాగంలో నాటాను. చేపలు కడిగిన నీళ్ళు పోస్తున్నాను, ఆకు నిగనిగలాడుతోంది. మీ లాంగ్‌లో మొక్కలకి ఏం పోస్తారో మీ రైలు మనిషి చెప్పాడు. భోజనం వేళవుతోంది, అది రాయను.


లాంగ్
2 నవంబరు 1994

వదినగారికి,

లుయెన్ నమస్కారాలు. నా మొక్కలు క్షేమం. నా సంగతి మీ ఉత్తరం చదివాక చెప్పలేను.

మీ ఇంట్లో ముయ్ లేదని అంత గొప్పగా ఎలా రాశారు? మా వైపు ఆడది ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. పైగా ఉన్నదాన్ని మీరే నాశనం చేసినట్టున్నారు. ఇల్లంతా మరిగిన నీళ్ళు పోస్తే ముయ్ మిగులుతుందా? మీ కోపం ఎందుకో, మీ మల్లెపువ్వు మధ్యలోకి ఎందుకొచ్చిందో నాకు బోధపడలేదు. దక్షిణం వాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ మొదలుపెట్టింది మరిచిపోతారని విన్నాను.

ముయ్ అంటే అంత చులకనా మీకు? సూపు దించాక పైన కాస్త ముయ్ వేయకపోతే మా వీధిలో పసిపిల్లలు కూడా గిన్నె ముట్టరు. పండగ ముందు వారం హనోయిలో చూడాలి. ఆడవాళ్ళు ముదురు ముయ్‌ని మోపులు కట్టి సైకిళ్ళ వెనక వేసుకుని అమ్ముతారు. సైకిలు వీధి చివర ఉండగానే ముక్కుకి తెలిసిపోతుంది. జనం ఎగబడి కొంటారు.

ఒక మాట రాస్తాను, మళ్ళీ ఎత్తకండి. నా అరవై రెండేళ్ళలో ఆ స్నానం ఒక్క ఏడాదే తప్పింది. బాంబులు పడి మమ్మల్ని ఊరు ఖాళీ చేయించిన ఏడాది. ఎవరిదో ఇల్లు, ఎవరిదో పొయ్యి, ముయ్ ఎక్కడ దొరుకుతుంది? ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అన్నాను. ఆ ఏడాదే ఖాంగ్ వాళ్ళ నాన్న పోయాడు. వాడికప్పుడు అయిదేళ్ళు.

అందుకని స్పష్టంగా రాస్తున్నాను. ఆ స్నానం లేకుండా నేను కొత్త ఏట అడుగుపెట్టను, వాడి పెళ్ళిలో నిలబడను. వాడు నేను లేకుండా పెళ్ళి చేసుకోడు. మీకు ఇంకా మూడు నెలలుంది. ఇప్పుడు మొదలుపెట్టినా ముదురుతుంది. నీడన ఉంచండి, మీ ఎండకి ఆగదు. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకండి.

ఇట్లు,
లుయెన్

తా.క. మీ ఇంట్లో వారానికి మూడుసార్లు పొదిగిన బాతుగుడ్లు రామ్ ఆకుతో పెడుతున్నారని ఖాంగ్ మురిసిపోతూ రాశాడు. ఆ ఆకు మగవాడి ఒంట్లో వేడి చల్లార్చుతుంది. గుళ్ళో సన్యాసులు పెంచుకునేది అందుకే. మా వాడు చేసుకోబోయేది పెళ్ళి, సన్యాసం కాదు.


చావ్ దొక్
16 నవంబరు 1994

వదినగారికి,

చిన్ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఇది ఈసారి మనస్ఫూర్తిగా రాస్తున్నాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి, సూపు మీద వాసన చల్లుకుని తాగే జనం వీళ్ళు, పాపం అనుకున్నాను. మేమైతే మాంసం వేసుకుంటాం. రెండోసారి చదివి మీ వారి సంగతి దగ్గర ఆగిపోయాను. ఎత్తవద్దన్నారు, ఎత్తను.

మూడోసారి మా ఆయనకి వినిపించాను. సైకిలు, మోపు, వీధి చివర్నుంచే వాసన, ఎగబడి కొనే జనం. ఆయన పళ్ళు కుట్టుకుంటున్న పుల్ల తీసి, "ఇంతసేపు ఆలోచిస్తావేంటే? అది ఎండుచేప" అన్నాడు.

నిజమే కదా. మోపు కట్టగలిగిన వాసన లోకంలో ఇంకేముంది? మీరు మా ఇంటిని వెక్కిరించలేదు. మీరు అడుగుతున్నదే అది. ఇన్నేళ్ళుగా ఈ చేపల జాడీల మధ్య కూర్చున్నాను వదినగారూ, ముక్కు మూసుకోకుండా నాతో మాట్లాడిన పట్నం మనిషి ఒక్కరు లేరు. మీరేమో మా సరుకుతో స్నానం చేస్తేగాని మీకు కొత్త ఏడాది రాదంటున్నారు. చేపతో స్నానం చేసే ఆచారం ఉందని నాకు తెలీదు, కానీ తెలియని ఆచారాన్ని నవ్వేంత చదువు నాకు లేదు.

జాడీలు వెనక్కి తెప్పించాను. మా ఆడపడుచు గుమ్మంలోనే పెట్టి ఉంచింది, "మీ ముదురు సరుకుతో మా కోళ్ళు గుడ్లు మానేశాయి" అంది. మాననివ్వండి.

ముదురుదే కదా మీకు కావాలి. మూడేళ్ళది ఒకటుంది. మా లాయ్ చదువు ముగించిన నెలలో నా చేత్తో మూత బిగించాను, దాని పెళ్ళి విందులో తీద్దామని. నీడనే ఉంది. ఇంతవరకూ ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది మీ స్నానానికి ఇస్తున్నాను. "మరి విందుకి?" అన్నాడు మా ఆయన. విందు కంటే వియ్యం పెద్దది అన్నాను.

ఇట్లు,
మీ చిన్

తా.క. రామ్ ఆకు పెడుతున్నది నిజమే. మీ అబ్బాయి రోజూ అయిదింటికి వచ్చి మా అరుగు మీద కూర్చుంటాడు, నీళ్ళు పెరిగినా తగ్గినా లేవడు. పెళ్ళి ఇంకా రెండున్నర నెలలుంది. ఆడపిల్ల తల్లిని, నా జాగ్రత్త నాది. పెళ్ళి రోజు నుంచి వేడి చేసే అల్లం పెడతాను.

మళ్ళీ తా.క. మీ పుదీనా గుబురుగా వచ్చింది. వాసన చూశాను. గడ్డి.


లాంగ్
30 నవంబరు 1994

వదినగారికి,

లుయెన్ నమస్కారాలు. ఇక్కడ చలి మొదలైంది, మొక్కలకి గడ్డి కప్పాను. మనుషులం ఓర్చుకుంటున్నాం.

మూడేళ్ళ ముయ్యా? మా దగ్గర మూడు నెలలు నిలిస్తేనే ముదిరిందంటాం. లెక్క రెండు దగ్గర మొదలుపెట్టేవాళ్ళకి మూడు నెలలు మూడేళ్ళవడం పెద్ద విచిత్రం కాదు. అయినా మీ వేడి నేల గుణమేమో, నేను కాదనను. చూశాకే నమ్ముతాను.

చేపా చేపా అని ఏదో రాశారు. మీకు ప్రతి మాటా చేప దగ్గరే తేలుతుంది, మీ వ్యాపారం అలాంటిది. నేను పట్టించుకోలేదు.

జాడీలో ఉంచానన్నారు కాబట్టి అడుగుతున్నాను, అడుగున చిల్లు పెట్టారా? నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది. ఇక స్నానం సంగతి. తరగకండి. మొదలూ చివరా తీసేయకుండా ఎలా ఉన్నది అలాగే పెద్ద కుండలో వేసి, మూత పెట్టి, ఇల్లంతా ఆవిరి నిండేదాకా మరిగించండి. ఆ స్నానం కళ్ళు మూసుకుని చేయాలి, మధ్యలో మాట్లాడకూడదు. నేను రైలు, బస్సు, పడవ దిగి ఒళ్ళు హూనమై వస్తాను. గుమ్మం ఎక్కగానే కుండ సిద్ధంగా ఉండాలి. పలకరింపులు తర్వాత.

ఇట్లు,
లుయెన్

తా.క. పుదీనా గడ్డి అయిందన్నారు. ముందే చెప్పాను. పైచిగుళ్ళు గిల్లితే గుబురవుతుంది, మీరు గిల్లే ఉంటారు. గుబురు వేరు, గుణం వేరు. ఈ మాట మొక్కల గురించే రాస్తున్నాను.


చావ్ దొక్
14 డిసెంబరు 1994

వదినగారికి,

చిన్ నమస్కారాలు. క్షేమం. పెళ్ళి పనుల్లో తల గోక్కోవడానికి తీరికలేదు, అందుకని చిన్న ఉత్తరం.

జాడీకి చిల్లు పెట్టలేదు. పెడితే మూడేళ్ళ సరుకు నేలపాలు. ఊరబెట్టడం మీకు కొత్త, మాకు కాదు. మొన్న చూద్దామని మూత కొంచెం జరిపాను. వీధి చివర పడుకున్న కుక్కలు రెండు లేచి నిలబడ్డాయి. మీరు కోరిన ముదురు ఇదే, నా మాట నమ్మండి.

మొదలూ చివరా తీయను. తలలు, తోకలు, అన్నీ ఉంటాయి.

సంతలో అందరికీ తెలిసిపోయింది. "ఏమే చిన్, హనోయి దొరసాని నీ జాడీలో మునగడానికి వస్తోందటగా?" అని నాలుగో కొట్టు మనిషి కూసింది. "మునుగుతుంది, నీ జాడీ అడిగిందా మరి?" అన్నాను. తన ఈగలు తోలుకోవడంలో పడింది.

ఇట్లు,
మీ చిన్

తా.క. మా పెరడంతా మీదే అనుకుని తిరగండి. జాడీల పాక వెనక్కి మాత్రం వెళ్ళకండి. అక్కడ పాములున్నాయి.


చావ్ దొక్, వెనక గది
30 జనవరి 1995, సాయంత్రం నాలుగు

వంటింట్లో ఉన్న చిన్ గారికి,

వదినగారు అని రాయడం లేదు, గమనించండి. మాట్లాడే ఓపిక లేక తలుపు కింద నుంచి ఈ కాగితం తోస్తున్నాను.

ఆచారం ప్రకారం కళ్ళు మూసుకుని మొదటి చెంబు పోసుకున్నాను. ప్రయాణపు అలసటలో నా ముక్కే చెడిందనుకున్నాను. రెండో చెంబుకి, దక్షిణాన ముయ్ ఇలాగే ఉంటుందేమో, దేశం పెద్దది అని సర్దుకున్నాను. మూడో చెంబుతో చెంపకి ఏదో అతుక్కుంది. తీసి కళ్ళు తెరిచి చూశాను. అది నా వైపే చూస్తోంది. దానికి కళ్ళున్నాయి.

అరవై రెండేళ్ళ ఆడదాన్ని, ఆరొందల కోసుల దూరం వచ్చినదాన్ని, చేపల పులుసులో ఉడికించి నవ్వుకోవాలని ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నారు? నా మొగుడి చావు సంగతి రాసింది ఇందుకేనా? పాత ఏడాది చెడు పోలేదు సరికదా, ఒంటికి పట్టింది.

రేపు బస్సులు లేవట. ఎల్లుండి మొదటి బస్సుకి నేనూ మా అబ్బాయీ బయల్దేరుతున్నాం. వాడికి ఇంకా చెప్పలేదు, పడవల రేవు నుంచి రాగానే చెబుతాను.

లుయెన్

తా.క. సబ్బు అయిపోయింది. ఇంకొకటి పంపండి.


అదే కాగితం వెనకవైపు

వెనక గదిలో ఉన్న లుయెన్ గారికి,

నేనూ రాయను వదినగారు అని.

మీ ఉత్తరాలన్నీ రేకు డబ్బాలో దాచాను, ఇప్పుడే తీసి ముందు పెట్టుకున్నాను. ముదురుది కావాలన్నది ఎవరు? నీడన ఉంచమన్నది, చెయ్యి పెట్టనివ్వద్దన్నది, మొదలూ చివరా తీయవద్దన్నది ఎవరు? ఇల్లంతా ఆవిరి నిండేదాకా మరిగించమన్నది కూడా మీరే. నింపాను. మా ఇంట్లోనే కాదు, ఎడమవైపు మూడిళ్ళ దాకా నిండింది. పండగ పూట ఆ ఇళ్ళవాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు.

మిమ్మల్ని చూసి నవ్వుకోవడానికి మూడేళ్ళ జాడీ వదులుకుంటానా? అది నా బిడ్డ పెళ్ళి విందు. ఒక్కగానొక్క మనిషి నా సరుకుని తల మీద పోసుకుంటానంటే పొంగిపోయాను, అదీ నా తప్పు. పోండి. మీ ముయ్ ఏమిటో, మీ మోపులేమిటో, మీ సైకిళ్ళెక్కి మీరే ఊరేగండి. మా లాయ్‌కి మాత్రం మీరే చెప్పండి. నేను చెప్పలేను.

చిన్

తా.క. సబ్బు గుమ్మం దగ్గర పెట్టాను. ఇంట్లో అదే ఆఖరిది. పెళ్ళికూతురిది.


వెనక గది
అయిదుంబావు

వదినగారూ,

అవును, వదినగారూ అనే రాశాను. సబ్బు కోసం తలుపు తీశాను. మీరు పొయ్యి వైపు తిరిగి ముక్కు చీదుకుంటున్నారు, నన్ను చూడలేదు. కాసేపు ఎవరికీ కనబడకుండా ఉండాలనిపించి పాక వెనక్కి వెళ్ళాను. పాములున్నాయన్నారు. కరిస్తే కరవనీ అనుకున్నాను, కరిచిన పామే నోరు కడుక్కుంటుంది.

పాములు లేవు. ఒక మడి మీద పాత చాప కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి ఉంది. చాప కింద నుంచి, ఈ ఊరి వాసనంతా చీల్చుకుని, ఒక వాసన వచ్చింది. అది నేనెరిగిన వాసనే. చాప ఎత్తాను. అరచెయ్యి వెడల్పు కూడా ఖాళీ లేదు.

కోపం తర్వాత పడదాం. ఒక్కటి రాయండి. ఆ మడిలో ఉన్నదాన్ని మీ ఊళ్ళో ఏమంటారు?

లుయెన్


వంటింటి నుంచి

అది కూడా చూశారన్నమాట. చూడండి.

దాన్ని మేం కొత్తిమీర అంటాం. లేతగా, జానెడు ఉండగా కోయాలి. పెళ్ళి పనుల్లో పడి వదిలేశాను, ఎండకి సర్రున లేచి పూతకొచ్చింది. కాడలు ఊదారంగు తిరిగాయి, గింజ కట్టింది. సూపుకి పనికిరాదు, పులుసుకి పనికిరాదు, కోళ్ళు కూడా తినవు. మీరేమో పుదీనా చిగుళ్ళు ఎలా గిల్లాలో నాకు నేర్పే మనిషి. పెరట్లో ఒక్క మడి నిలుపుకోలేని దాని కూతుర్ని చేసుకున్నామా అంటారని చాప కప్పాను. పాముల మాట అందుకే.

పెళ్ళి తప్పించడానికి ఇంకో కారణం దొరికింది మీకు. ఎల్లుండి బస్సు ఆరింటికి.

చిన్


లాంగ్
2 మార్చి 1995

వదినగారు చిన్ గారికి,

లుయెన్ నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమమని నేను అంటున్నాను. మా వీధి వాళ్ళు ఒప్పుకోవడం లేదు. ఎందుకో చివర్న రాస్తాను.

ఖాంగ్, లాయ్ రాసిన ఉత్తరం అందింది. సుఖంగా ఉన్నామని నాలుగు పేజీల్లో రాశారు, నీటిమట్టం ఊసే లేదు.

ఆ సాయంత్రం మీ ఆఖరి కాగితానికి జవాబు రాయలేదని మీరింకా దెప్పుతున్నారట. ఎలా రాయను? తడి జుట్టుతో, ఒళ్ళంతా చేప పొలుసులతో వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి మీ చెయ్యి పట్టుకుని, "అదే వదినా, మీ కొత్తిమీరే మా ముయ్" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి మీకు అర్థమైంది. అర్థమయ్యాక మీరేమన్నారో గుర్తుందా? "అయితే ఆ మాట ముందే చెప్పి చావొచ్చుగా" అన్నారు. అత్తవారింట్లో కూడా నన్ను ఎవరూ అలా అనలేదు.

చెప్పాల్సింది నేనే, ఒప్పుకుంటాను. వాసనని మేమూ ముయ్ అనే అంటాం. కానీ వంటింట్లో ఆ మాట వింటే మా వాళ్ళకి ముక్కు గుర్తుకు రాదు, కత్తిపీట గుర్తుకొస్తుంది. అందరికీ అంతే అనుకున్నాను. నేను పుట్టి పెరిగింది ఒక్క ఊళ్ళో. మీరు సిగ్గుపడి చాప కింద దాచిన మడి లాంటిది నా జన్మలో చూడలేదు వదినా. మా చలికి మూడు నెలలు కాపలా కాస్తేగాని ఆ ఊదా కాడ రాదు. మీ దగ్గర మీరు పట్టించుకోకపోతే వచ్చింది. చీకటి పడేలోగా ఇద్దరం వేళ్ళతో సహా పీకి మరగబెట్టాం. నేను పోసుకున్నాను, మీరు పోసుకున్నారు. మీ ఆయన "నన్ను మొన్నేగా కడిగారు" అని గొణుగుతూ తనూ పోసుకున్నాడు. ఖాంగ్ వాళ్ళ నాన్న పోయిన ఏడాది తప్పిన స్నానం కూడా ఆ రోజే తీరిందనిపించింది. ఇది కూడా మళ్ళీ ఎత్తకండి.

మిగిలిన ఊరచేప పెళ్ళి విందులో వడ్డించారు. రెండోసారి అడిగి వేయించుకున్నది నేను కాదు, నా పక్కన కూర్చున్న మనిషి అని అందరికీ చెప్పాను. మీరూ అలాగే చెప్పండి.

ఇప్పుడు వీధి సంగతి. వచ్చేటప్పుడు మీరు బలవంతంగా చేతిలో పెట్టిన ఆ మూడేళ్ళ ఊరచేప చిన్న జాడీ రైలంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. నా చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యాయి, కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఇంటి మెట్ల మీద జారి పగిలింది. మూడు వారాలైంది. సున్నం వేశాను, బూడిద వేశాను, నిమ్మగడ్డి నీళ్ళతో కడిగాను. మెట్లు ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
మీ లుయెన్

తా.క. ఒకటి చెప్పుకోవాలి. మొదట పంపిన ఆ తొమ్మిది కాడలు లాంగ్ పుదీనా కావు. సంతలో కొన్న మామూలు పుదీనా. అసలుదాన్ని మేం ఊరు దాటనివ్వం. మీరు గడ్డి అన్నప్పుడు మీ ముక్కుని లోలోపల మెచ్చుకున్నాను. ఈ ఉత్తరంతో తొమ్మిది కాడలు వస్తున్నాయి, ఈసారి అసలువి. చేపలు కడిగిన నీళ్ళే పోయండి. ఊళ్ళో ఎవరితోనూ అనకండి, నన్ను వెలేస్తారు.

మళ్ళీ తా.క. అల్లం మొదలుపెట్టారా?

ఆఖరి తా.క. ఇది రాస్తుండగానే పోస్టు మనిషి వచ్చాడు. పదిహేనేళ్ళుగా నేరుగా గుమ్మందాకా వచ్చేవాడు, ఇవాళ గేటు దగ్గరే ఆగి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "అమ్మగారూ, మీ ఇంట్లో ముయ్ ఉందా?" అని అడిగాడు.

"ఉంది నాయనా," అన్నాను. "ముదురుది. మూడేళ్ళది."